ఆంగ్ల తరగతిలో ఇంటి భాషలు
(ప్రసంగ పాఠం)



రాయపూర్ నగరానికి ఉత్తర దిక్కున, బిలాస్‌పూర్ పోయే రహదారి మీద భన్‌పురి ఉన్నది. నేడది నగరంలో కలిసిపోయిన పారిశ్రామిక వాడ. కర్మాగారాలు, గిడ్డంగులు, కలప అడితులు, బారులు తీరిన లారీలు అక్కడి నిత్య దృశ్యం. నాతిదూరంలో రైల్వే వ్యాగన్ల మరమ్మతు కర్మశాల ఉన్నది. మరికొంత ముందుకు సాగితే ఉర్లా, సిల్‌తరా పారిశ్రామిక ప్రాంతాలు వస్తాయి.

పని ఉన్న చోటికి జనం వస్తారు. జనంతోపాటు వారి భాషలూ వస్తాయి. చుట్టుపట్ల పల్లెల నుండి వచ్చినవారి ఇళ్లలో ఛత్తీస్‌గఢీ వినిపిస్తుంది. ఒడిశా నుండి, బీహారు నుండి, ఉత్తరప్రదేశ్ నుండి వచ్చినవారు తమ తమ పలుకుబళ్లను వెంట తెచ్చుకొన్నారు. తెలుగువారికి రాయపూర్ కొత్త ఊరు కాదు. విజయనగరం నుండి పార్వతీపురం మీదుగా రాయపూర్ చేరే రైలు మార్గం 1930వ దశకం ఆరంభం నాటికే పూర్తి అయినది. ఆ మార్గం వెంట ఉత్తరాంధ్ర కుటుంబాలు ఎన్నో ఇటు వచ్చి స్థిరపడినవి. రాయపూర్‌కు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, సోవియట్ దేశంతో 1955లో కుదిరిన ఒప్పందం ననుసరించి నిర్మించిన భిలాయి ఉక్కు కర్మాగారంలో 1959 ఫిబ్రవరిలో మొదటి ఊదుడు కొలిమికి ప్రారంభోత్సవం జరిగినది. దేశం నలుమూలల నుండి శ్రామికులు, ఇంజనీర్లు అక్కడికి వచ్చినట్లే తెలుగువారూ వచ్చారు.

ఇటువంటి వాడలోని ఒక పూర్వ మాధ్యమిక శాలను మనస్సులో ఊహించుకొందాం. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు నడిచే పాఠశాలకు ఛత్తీస్‌గఢ్‌లో ఈ పేరే వాడుక. ఇది ఏ ఒక్క పాఠశాలకూ చిత్రం కాదు. అటువంటి పాఠశాలలన్నింటికీ వర్తించే చిత్రం. ఆరవ తరగతి, ఆంగ్ల పాఠం వేళ. ఉపాధ్యాయుడు చేతిలో పుస్తకం ఎత్తి చూపి "దిస్ ఈజ్ ఎ బుక్" అంటాడు. నలభై గొంతులు ఒక్కటై ఆ మాటను తిరిగి పలుకుతాయి. "యహ్ ఏక్ కితాబ్ హై" అని ఉపాధ్యాయుడు హిందీలో అర్థం చెబుతాడు. దానిని కూడా పిల్లలు పలుకుతారు, పలకల మీదనో నోటు పుస్తకాలలోనో వ్రాసుకొంటారు. గంట మ్రోగుతుంది.

ఈ పిల్లలు నేర్చుకొన్నది ఏమిటి? పరీక్షాధికారి అడిగితే నాలుగు ఆంగ్ల పదాలు, ఒక వాక్య నిర్మాణం అని జవాబు వస్తుంది. అది సత్యమే కాని సగం సత్యం. ఆ గదిలో ఏకకాలంలో ఎన్ని భాషలు పని చేస్తున్నవో గమనించినప్పుడే తక్కిన సగం తెలుస్తుంది. ఈ ప్రసంగ విషయం ఆ తక్కిన సగమే.

ఆంగ్లం ఈ గదికి వచ్చిన దారి

1835 ఫిబ్రవరి 2న మెకాలే తన ప్రసిద్ధ నివేదికను సమర్పించాడు. ప్రభుత్వ ధనం ఆంగ్ల విద్యకే వినియోగం కావాలన్నది అందులోని సారాంశం. 1854 నాటి ఉడ్ తాఖీదు ఆ ధోరణిని కొంత సవరించి, ఉన్నత విద్యకు ఆంగ్లమూ, సామాన్య ప్రజల విద్యకు దేశభాషలూ తగినవని చెప్పినది. స్వాతంత్ర్యానంతరం రాజ్యాంగం హిందీని కేంద్ర ప్రభుత్వ అధికార భాషగా నిర్ణయిస్తూ, ఆంగ్లాన్ని 15 సంవత్సరాల పాటు కొనసాగించినది. 1963 నాటి అధికార భాషా చట్టం, 1967లో దానికి జరిగిన సవరణ, ఆ గడువు తరువాత కూడా ఆంగ్లం కొనసాగడానికి వీలు కల్పించినవి.

కొఠారీ విద్యా కమిషన్ 1964 నుండి 1966 వరకు పని చేసినది. ఆ తరువాత 1968లో వెలువడిన జాతీయ విద్యా విధానం త్రిభాషా సూత్రాన్ని ప్రకటించినది. హిందీ మాట్లాడని రాష్ట్రాలలోని పిల్లలు తమ ప్రాంతీయ భాషతోపాటు హిందీ, ఆంగ్లం నేర్వాలి. హిందీ రాష్ట్రాలలోని పిల్లలు హిందీ, ఆంగ్లంతోపాటు మరొక ఆధునిక భారతీయ భాషను, సాధ్యమైనంతవరకు దక్షిణాది భాషలలో ఒకదానిని నేర్వాలి. వంతెనకు రెండు ఒడ్డులూ ఉండాలన్నదే ఆ సూత్రం ఉద్దేశం. తెలుగు పిల్లలు హిందీ నేర్చుకొన్నారు. హిందీ ప్రాంతాలలో మాత్రం చాలా పాఠశాలలలో మూడవ భాష స్థానాన్ని సంస్కృతం ఆక్రమించినది. సంస్కృతం గొప్పతనాన్ని ఎవరూ కాదనరు. అయితే పొరుగు ఇంటి భాషను నేర్చుకొనే అవకాశం ఆ మేరకు చేజారినది. భన్‌పురి పిల్లవాడు తన బెంచి మీద ప్రక్కనే కూర్చున్న తెలుగు స్నేహితుని భాష నుండి ఒక్క మాట కూడా నేర్వకుండానే ఎనిమిదవ తరగతి దాటిపోవచ్చు.

అవిభక్త మధ్యప్రదేశ్‌లో చిరకాలం ఆంగ్లం ఆరవ తరగతిలో ఆరంభమయ్యేది. అందుచేతనే మాధ్యమిక శాల ఆంగ్ల పాఠానికి ఆ ప్రాంతంలో ప్రత్యేక స్థానం ఏర్పడినది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం అవతరించినది. తరువాతి కాలంలో ఆంగ్ల బోధన ప్రాథమిక తరగతులకు దిగివచ్చినది. 2020లో రాష్ట్ర ప్రభుత్వం స్వామి ఆత్మానంద పేరుతో ఆంగ్ల మాధ్యమ పాఠశాలలను ప్రారంభించినది. అదే 2020లో వెలువడిన జాతీయ విద్యా విధానం, వీలైన చోటల్లా కనీసం ఐదవ తరగతి వరకు, మేలైన పక్షంలో ఎనిమిదవ తరగతి వరకు, ఇంటి భాషలోనే బోధన జరగాలని సూచించినది. ఈ రెండు కోరికలూ ఒకే గదిలో ఎదురెదురుగా నిలిచి ఉన్నవి. తల్లిదండ్రులు ఆంగ్లాన్ని కోరుతారు. పిల్లలు ఇంటి భాషలో ఆలోచిస్తారు.

తల్లిదండ్రుల కోరికను వ్యామోహమని త్రోసిపుచ్చడం న్యాయం కాదు. 2011 జనాభా లెక్కలలో ఆంగ్లాన్ని మాతృభాషగా చెప్పుకొన్నవారు ఈ దేశంలో సుమారు 2 లక్షల 60 వేల మంది మాత్రమే. అయినను ఉన్నత విద్యకు, న్యాయస్థానానికి, పెద్ద ఉద్యోగానికి ద్వారం ఆ భాషలోనే తెరచుకొంటున్నది. కర్మాగారంలో యంత్రం మీది సూచనలు ఆంగ్లంలో ఉన్నప్పుడు, వాటిని చదవలేని తండ్రి తన కుమార్తె చదవగలగాలని కోరడంలో తప్పు ఏమున్నది? కనుక ఆంగ్లం కావాలా వద్దా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఆ పిల్లకు ఆంగ్లం నిజంగా వస్తున్నదా, వస్తే దేని ఆధారంతో వస్తున్నది అన్నదే ప్రశ్న.

నాలుగు పదాల వాక్యం

"దిస్ ఈజ్ ఎ బుక్" అన్న వాక్యాన్నే పరిశీలిద్దాం. ఇందులో నాలుగు పదాలున్నవి. తెలుగులో "ఇది పుస్తకం" అంటే రెండు పదాలతో వాక్యం పూర్తి అవుతుంది. క్రియతో పని లేదు. హిందీలో "హై" అన్న క్రియ తప్పక రావాలి. ఛత్తీస్‌గఢీలోనూ "తోర్ నావ్ కా హే?" అని పేరు అడిగినప్పుడు చివర "హే" ఉంటుంది. "నీ పేరు ఏమిటి?" అన్న తెలుగు ప్రశ్నలో దానికి సాటి పదం లేదు. అందువల్ల హిందీ, ఛత్తీస్‌గఢీ పిల్లలకు "ఈజ్" అన్న పదం సులభంగా పట్టుబడుతుంది. తెలుగు పిల్లవాడు "దిస్ బుక్" అని ఆగిపోవచ్చు. దానిని అజాగ్రత్త అనరాదు. తన భాష నియమాన్ని నిక్కచ్చిగా పాటించినందువల్ల వచ్చిన తప్పు అది.

తరువాతి పదం "ఎ". ఆంగ్లంలో ఒకానొక వస్తువును మొదటిసారి పేర్కొన్నప్పుడు "ఎ" లేదా "ఆన్" వస్తుంది. వక్తకూ శ్రోతకూ తెలిసిన వస్తువైతే "ది" వస్తుంది. హిందీలో ఇటువంటి పదాలు లేవు. ఉపాధ్యాయుడు "ఎ"కు "ఏక్" అని అర్థం చెబుతాడు. "ది"కి మాత్రం హిందీలో సమానమైన పదం లేదని చెప్పి, నియమాలను వల్లె వేయిస్తాడు. సూర్యునికి "ది", గంగకు "ది", హిమాలయాలకు "ది". పిల్లలు ఆ జాబితాను కంఠస్థం చేస్తారు. పదేళ్ల తరువాత కూడా "ది" ఎక్కడ వాడవలెనో వారికి సందేహమే.

ఉపాధ్యాయుడు హిందీ వైపు మాత్రమే చూశాడు. పిల్లల వైపు చూసి ఉంటే సమాధానం ఆ గదిలోనే దొరికేది. ఛత్తీస్‌గఢీలో ఒక నిర్దిష్టమైన వస్తువునో వ్యక్తినో ఉద్దేశించినప్పుడు నామవాచకం తరువాత "హర్" అన్న మాట చేర్చడం ఉన్నది. "లఇకా" అంటే పిల్లవాడు. "లఇకా హర్" అంటే మనం ఎరిగిన ఆ పిల్లవాడు. ఆంగ్లంలో "ది" నామవాచకానికి ముందు వస్తుంది, ఛత్తీస్‌గఢీలో "హర్" తరువాత వస్తుంది. ఈ రెండూ అన్ని చోట్లా ఒకటి కావు. మనుష్యుల పేర్ల తరువాత కూడా "హర్" వస్తుంది; ఆంగ్లంలో పేర్లకు ముందు "ది" అట్లా రాదు. అయినను "తెలిసినది", "తెలియనిది" అన్న భేదాన్ని ఒక చిన్న మాటతో సూచించే అలవాటు ఆ పల్లె పిల్లవాని నాలుక మీద పుట్టుకతోనే ఉన్నది. ప్రామాణిక హిందీలో లేని ఆ తాళపు చెవి అతని ఇంటి భాషలో ఉన్నది. దానిని ఉపయోగించమని అతనితో ఎవరూ చెప్పలేదు.

తెలుగు పిల్లకు వేరొక తాళపు చెవి ఉన్నది. "పుస్తకం చదివాను" అన్నదానికీ, "పుస్తకాన్ని చదివాను" అన్నదానికీ మధ్య ఉన్న తేడాను ఆమె ఎన్నడూ వ్యాకరణంగా నేర్వలేదు. కాని రెండవ వాక్యంలోని పుస్తకం ఇదివరకే ప్రస్తావనకు వచ్చినదని ఆమె చెవికి తెలుసు. హిందీలోనూ "కితాబ్ పఢీ", "కితాబ్ కో పఢా" అన్న ప్రయోగాల మధ్య ఇటువంటి ఛాయాభేదం కనిపిస్తుంది. ఏ భాషకు ఆ భాష తన దారిలో తెలిసినదానిని తెలియనిదాని నుండి వేరు చేస్తున్నది. ఈ సంగతి తెలిసిన పిల్లకు "ది" అన్నది భయపెట్టే జాబితా కాదు. తనకు తెలిసిన పనినే మరొక పనిముట్టుతో చేయడం.

లింగ భేదం విషయంలోనూ ఇటువంటి ఆశ్చర్యమే ఎదురవుతుంది. హిందీలో ప్రతి నామవాచకం పుంలింగమో స్త్రీలింగమో అయి తీరాలి. "లడకా ఆయా", "లడకీ ఆయీ" అని క్రియ మారుతుంది. తెలుగులో అబ్బాయి "వచ్చాడు", అమ్మాయి "వచ్చింది". ఛత్తీస్‌గఢీలో ఇద్దరికీ "ఆఇస్" ఒక్కటే. ఆంగ్లంలోనూ ఇద్దరికీ "కేమ్" ఒక్కటే. ఈ అంశంలో ఛత్తీస్‌గఢీ పిల్లవాడు ఆంగ్లానికి ఎంతో చేరువలో ఉన్నాడు. అతనికీ తెలుగు పిల్లకూ హిందీ లింగ భేదమే పెద్ద చిక్కు. బల్ల స్త్రీలింగమెట్లా అయినది, గది పుంలింగమెట్లా అయినది అని ఇద్దరూ కలిసే తడబడతారు. "మేజ్", "కమరా" అన్న మాటలను ఒకరు స్వంత భాష అనిపించుకొన్న హిందీలో, మరొకరు పరాయి అనిపించుకొన్న హిందీలో, ఒకే రీతిగా తప్పుగా వాడుతారు.

వాక్య క్రమంలో మాత్రం మూడు భారతీయ భాషలూ ఒక్క వైపు, ఆంగ్లం మరొక వైపు నిలుస్తాయి. మన భాషలలో క్రియ వాక్యాంతంలో వస్తుంది. ఆంగ్లంలో కర్త వెంటనే వస్తుంది. "బల్ల మీద", "మేజ్ పర్" అని మనం వస్తువు పేరు చెప్పి, తరువాత స్థానం చెబుతాం. ఆంగ్లం "ఆన్ ది టేబుల్" అని స్థానం ముందు చెబుతుంది. ప్రశ్న అడగడంలో హిందీ "క్యా" అన్న పదాన్ని ముందు నిలుపుతుంది. తెలుగు "వచ్చావా" అని చివరి అచ్చును సాగదీస్తే చాలునంటుంది. ఆంగ్లం "డిడ్ యు కమ్?" అని ఒక సహాయక క్రియను తెచ్చి ముందు నిలిపి, భూతకాలపు బరువును దాని తలకెత్తి, అసలు క్రియను బరువు లేకుండా వదలిపెడుతుంది. "డిడ్ యు కేమ్?" అని వ్రాసిన పిల్లవాడు ఆ బరువును రెండుసార్లు మోశాడు, అంతే.

వ్రాతలో మరొక చిక్కు ఉన్నది. నాగరి లిపి, తెలుగు లిపి పలికినట్లు వ్రాయడానికి దాదాపుగా అనుకూలమైనవి. ఆంగ్లంలో 26 అక్షరాలే ఉన్నప్పటికీ "పి, యు, టి" అంటే "పుట్" అయినప్పుడు "బి, యు, టి" అంటే "బట్" ఏల కావలెనో ఏ పిల్లవానికీ అంతుబట్టదు. ఉచ్చారణలోనూ ఇంటి భాషల ముద్ర పడుతుంది. హిందీ ప్రాంతపు పిల్లవాడు "ఇస్కూల్" అంటాడు. తెలుగు పిల్ల "స్కూలు", "బస్సు", "పెన్ను" అని చివర అచ్చు చేరుస్తుంది. ఒకరు పదం ముందు, మరొకరు పదం చివర ఒక చిన్న మెట్టు కట్టుకొని పరాయి ఇంటిలో అడుగు పెడుతున్నారు. ఇందులో పరిహసించవలసినది ఏమీ లేదు. మాటలు ఇచ్చి పుచ్చుకోవడంలో ఆంగ్లం మాత్రం ఏమి తక్కువ? "జంగిల్", "లూట్" హిందీ నుండి వెళ్లినవి. తెలుగు "పందికొక్కు" ఆంగ్ల నిఘంటువులో "బ్యాండికూట్"గా కూర్చున్నది.

మౌనం ఎక్కడ మొదలవుతుంది

ఇన్ని ఆధారాలు ఉన్నప్పుడు పిల్లలకు ఆంగ్లం ఎందుకు రావడం లేదు? ఒక ముఖ్యమైన కారణం కంటికి ఎదురుగానే ఉన్నది. తరగతిలో ఆంగ్లానికి హిందీలో అర్థం చెబుతారు. ఆ హిందీ అందరి ఇంటి భాష అన్న భావనతో చెబుతారు. 2011 జనాభా లెక్కలలో ఛత్తీస్‌గఢీని మాతృభాషగా పేర్కొన్న సుమారు 1 కోటి 62 లక్షల మందిని హిందీ అన్న శీర్షిక క్రిందనే లెక్కించారు. 2007లో రాష్ట్ర శాసనసభ ఛత్తీస్‌గఢీకి రాష్ట్ర అధికార భాషా స్థానం ఇచ్చినది. అయినను తరగతి గదిలో అది చాలాకాలం "తప్పు హిందీ"గానే పరిగణన పొందినది. ఇంటిలో తల్లి నేర్పిన మాటను బడిలో సవరిస్తారు. సవరణకు గురి అయిన పిల్లవాడు రెండవసారి నోరు తెరవడానికి సంకోచిస్తాడు.

తెలుగు, ఒడియా ఇళ్ల పిల్లలకు ఈ బరువు రెట్టింపు. తెలియని ఆంగ్ల పదానికి సగం తెలిసిన హిందీ పదాన్ని అర్థంగా గ్రహించాలి. అర్థమే అర్థం కానప్పుడు కంఠస్థం తప్ప వేరు దారి లేదు. అందుచేత గదిలో నలభై గొంతులు ఒక్కటై పలుకుతాయి కాని, ఒక్కొక్కరిని లేపి అడిగితే నిశ్శబ్దం ఆవరిస్తుంది. ఉపాధ్యాయుడు దానిని తెలివితక్కువతనమని భావిస్తాడు. పిల్లవాడు సైతం అట్లాగే నమ్ముతాడు. ఆంగ్ల తరగతిలో పిల్లవాడు నేర్చుకొనే పాఠాలలో అతి హానికరమైనది ఇదే: తన ఇంటి భాష ఎందుకూ పనికిరాదన్న పాఠం. ఏ పాఠ్యపుస్తకంలోనూ దానిని ముద్రించలేదు. పరీక్షలో దానికి మార్కులూ లేవు. కాని పిల్లవాడు దానిని మరువడు.

ఇద్దరు ఉపాధ్యాయులు

ఈ పాఠాన్ని త్రిప్పివేసిన ఇద్దరు ఉపాధ్యాయులను ఇక్కడ స్మరించడం సముచితం. మొదటివారు రాయపూర్ ప్రాంతానికి చెందిన హీరాలాల్ కావ్యోపాధ్యాయ. ధమ్‌తరిలో పాఠశాల ప్రధానోపాధ్యాయులుగా ఉండిన ఆయన, తన చుట్టూ ఉన్న జనం మాట్లాడే ఛత్తీస్‌గఢీకి వ్యాకరణం రచించారు. భాషా శాస్త్రవేత్త గ్రియర్సన్ దానిని ఆంగ్లంలోకి అనువదించి, 1890లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ప్రకటించారు. బడిలో "తప్పు హిందీ" అనిపించుకొన్న భాషకు నియమాలున్నవని ఒక బడి పంతులే నిరూపించారు. భన్‌పురి నుండి ధమ్‌తరి ఎంతో దూరం కాదు. ఆంగ్ల తరగతిలోని ఉపాధ్యాయునికి ఇంతకంటె దగ్గరి ఆదర్శం వేరొకటి లేదు.

రెండవవారు తెలుగువారందరికీ ఎరుకైన గిడుగు వేంకట రామమూర్తి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ ఆయన సమీపపు కొండలలోని సవరల భాషను నేర్చుకొన్నారు. సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పాలని పూనుకొన్నారు. దానికి వ్యాకరణం, నిఘంటువు కూర్చారు. ఆ వ్యాకరణం 1931లో వెలువడినది. తెలుగులో వ్యావహారిక భాషోద్యమానికి నాయకులైనది కూడా ఆయనే. ఆ ఉద్యమానికి ఆంగ్ల బోధనతో సంబంధం ఉన్నదన్న సంగతి మరువరాదు. 20వ శతాబ్ది తొలి దశకంలో ఉత్తర సర్కారు జిల్లాల పాఠశాలల పరీక్షాధికారిగా పని చేసిన యేట్సు దొరకు భాషా బోధనలో ప్రత్యక్ష పద్ధతి మీద నమ్మకం ఉండేది. జనం మాట్లాడే తెలుగు వేరు, పుస్తకాలలోని తెలుగు వేరు కావడానికి కారణమేమని ఆయన తెలుగు విద్వాంసులను ప్రశ్నించారు. ఆ ప్రశ్న గిడుగు, గురజాడల చేత ఒక యుగానికి సరిపడిన పని చేయించినది. ఒక భాషను ఎట్లా బోధించాలన్న ప్రశ్న మరొక భాష తలుపు తట్టడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ అరుదు.

ఆంగ్ల బోధనా పద్ధతులలో ఈ దేశం చేసిన కృషి స్వల్పం కాదు. ఢాకాలో పని చేసిన మైకేల్ వెస్ట్ 1926లోనే బెంగాలీ పిల్లల ద్విభాషా స్థితిని అధ్యయనం చేసి, వారికి ముందుగా చదివి గ్రహించే శక్తి అలవడాలని వాదించారు. హైదరాబాదులో 1958లో స్థాపితమైన కేంద్ర ఆంగ్ల సంస్థ వేలాది ఉపాధ్యాయులకు మార్గదర్శనం చేసి, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా రూపొందినది. 1979 నుండి 1984 వరకు దక్షిణ భారతంలోని కొన్ని పాఠశాలలలో ఎన్. ఎస్. ప్రభు నడిపిన ప్రయోగం ప్రపంచ ఖ్యాతి పొందినది. వ్యాకరణాన్ని వల్లె వేయించే బదులు కాలపట్టికలు, పటాలు పిల్లల ముందుంచి, ఆంగ్లంలో ఆలోచించి సమస్యను పరిష్కరించమనడం ఆ ప్రయోగం సారాంశం. పిల్లవాని మనస్సు అర్థం మీద నిలిచినప్పుడు భాష దానంతట అది అలవడుతుందని ప్రభు విశ్వసించారు.

తరగతిలో చేయదగినవి

భన్‌పురి తరగతి గదిలో దీనిని ఆచరించడానికి కొత్త భవనం అవసరం లేదు, ఖరీదైన యంత్రాలతో పని లేదు. నల్లబల్లను నాలుగు నిలువు గడులుగా విభజిస్తే చాలు. మొదటి గడిలో ఆంగ్ల వాక్యం, రెండవ గడిలో హిందీ. తక్కిన గడులను పిల్లలే నింపుతారు. "ఈ మాటను మీ ఇంటిలో ఎట్లా అంటారు?" అన్న ఒక్క ప్రశ్నకు అంతటి శక్తి ఉన్నది. ఉపాధ్యాయునికి తెలుగు రానక్కరలేదు, ఒడియా రానక్కరలేదు. వచ్చినవారు ఎదుటనే కూర్చుని ఉన్నారు. నిన్నటిదాకా నోరు విప్పని పిల్ల ఆ నిమిషంలో తరగతికి గురువు అవుతుంది.

ఆ నాలుగు గడులను ప్రక్క ప్రక్కన పెట్టి చూసినప్పుడు పిల్లలే నియమాలను కనిపెడతారు. క్రియ ఎక్కడ ఉన్నది? "ఈజ్" ఎవరి భాషలో ఉన్నది, ఎవరి భాషలో లేదు? ఒకటి కంటె ఎక్కువైతే ఏమి చేరుస్తారు? ఛత్తీస్‌గఢీ పిల్లవాడు "లఇకామన్" అంటాడు, తెలుగు పిల్ల "పిల్లలు" అంటుంది, ఆంగ్లం "బాయ్స్" అంటుంది. మూడు చోట్లా బహువచనపు గుర్తు పదం చివరనే ఉన్నది. ఇట్లా పోల్చి చూడడం అలవాటైన పిల్లలకు వ్యాకరణం ఆజ్ఞగా కాక, తామే కనుగొన్న సత్యంగా తోస్తుంది.

రెండవ సాధనం రైలు కాలపట్టిక. రాయపూర్ నుండి విజయనగరం మీదుగా విశాఖపట్నం పోయే బండి ఎన్ని గంటలకు బయలుదేరుతుంది? దారిలో ఏ ఏ స్టేషన్లు వస్తాయి? పండుగకు తాతగారి ఊరు చేరాలంటే ఏ రోజున బయలుదేరాలి? ఈ ప్రశ్నలను ఆంగ్లంలో అడిగి, ఆంగ్లంలోనే జవాబు చెప్పించవచ్చు. ఆ మార్గంలో ఎన్నోసార్లు ప్రయాణం చేసిన పిల్లలకు పాఠంలోని విషయం పరాయిది కాదు. లండను పొగమంచు గూర్చిన పాఠం కంటె ఈ పట్టిక వారి చేత ఎక్కువ ఆంగ్లం పలికిస్తుంది.

మూడవది గ్రంథాలయం. పాఠశాల గ్రంథాలయంలో ఒకే కథ హిందీ, ఆంగ్లం, తెలుగు భాషలలో లభించే చిన్న పుస్తకాలు ప్రక్క ప్రక్కన ఉండాలి. నేషనల్ బుక్ ట్రస్టు, చిల్డ్రన్స్ బుక్ ట్రస్టు వంటి సంస్థలు ఒకే పుస్తకాన్ని అనేక భాషలలో ప్రచురిస్తూ ఈ మార్గాన్ని సుగమం చేసినవి. హిందీలో చదివిన కథను ఆంగ్లంలో తిరిగి చదివిన పిల్లవానికి నిఘంటువుతో అంతగా పని ఉండదు. కథ అతనికి ముందే తెలుసు. తెలిసిన కథలో తెలియని మాట తన అర్థాన్ని తానే చెప్పుకొంటుంది.

ఇంటి భాషలకు ఇంత చోటిస్తే ఆంగ్లానికి సమయం చాలదని కొందరు ఉపాధ్యాయులు సందేహిస్తారు. ఆ సందేహం సహేతుకమైనదే. పాఠమంతా ఇంటి భాషలలో నడిస్తే ఆంగ్లం వినే అవకాశమే తగ్గిపోతుంది. అందుచేత కొలత ముఖ్యం. పాఠం మొదట ఐదు నిమిషాలు, చివర ఐదు నిమిషాలు పోలికకు చాలు. మధ్య సమయమంతా ఆంగ్లంలో వినడం, చదవడం, పలకడం సాగాలి. పది నిమిషాల ఈ పెట్టుబడి తక్కిన సమయాన్ని సార్థకం చేస్తుంది. అర్థం కాని ముప్పై నిమిషాల కంటె అర్థమైన ఇరవై నిమిషాలు మేలు. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం కూడా తరగతిలోని బహుభాషా స్థితిని బోధనకు వనరుగా గ్రహించమన్నది.

పరీక్ష పత్రం దిద్దే విధానంలోనూ చిన్న మార్పు అవసరం. "దిస్ బుక్" అని వ్రాసిన తెలుగు పిల్లవానికి సున్న వేసి ఊరకుండరాదు. అతడు ఏ దారిన వచ్చి అక్కడ ఆగిపోయినాడో ఉపాధ్యాయుడు గుర్తించగలిగితే తరువాతి అడుగు చూపగలుగుతాడు. ఒక తరగతిలోని తప్పులన్నింటిని చేర్చి చూస్తే ఆ పిల్లల ఇళ్లలో ఏ భాషలు పలుకుతున్నారో చెప్పే పటం తయారవుతుంది.

ముగింపు

ఆంగ్లంలో "వుయ్" అన్నది ఒక్కటే పదం. హిందీలో "హమ్" కూడా అంతే. తెలుగులో మాత్రం "మేము", "మనము" అన్న రెండు పదాలున్నవి. "మేము" అన్నప్పుడు ఎదుటివాడు వెలుపలే నిలుస్తాడు. "మనము" అన్నప్పుడు అతడు కూడా లోపలికి వస్తాడు. ఈ భేదాన్ని భన్‌పురిలోని ఒక తెలుగు పిల్ల తన ఆంగ్ల తరగతిలో లేచి చెప్పగలిగిన రోజున తోటి పిల్లలకు ఆంగ్లంలో ఒక లోటు కనిపిస్తుంది, తెలుగులో ఒక సొగసు కనిపిస్తుంది. తమ తమ భాషలలో అటువంటి సొగసులు ఏమున్నవోనని వారు వెదకడం మొదలుపెడతారు.

పూర్వ మాధ్యమిక శాల ఆంగ్ల తరగతిలో పిల్లలు నేర్వగలిగినది అంత ఉన్నది. పుస్తకాన్ని ఆంగ్లంలో ఏమంటారో వారు నేర్వాలి, తప్పక నేర్వాలి. ఆ పుస్తకానికి ప్రక్కన కూర్చున్న స్నేహితుని ఇంటిలో ఏ పేరున్నదో కూడా దానితోపాటే నేర్వవచ్చు. దానికి వేరే పాఠం అక్కరలేదు, వేరే గంట అక్కరలేదు. నల్లబల్ల మీద మరి రెండు గడులు గీస్తే చాలు.